నల్లపిల్ల నోటి గింజ

ఒక దొడ్లో పక్షులన్నిటికీ పెద్దబాతు గురువు. "దేవుడు అందర్నీ తన పోలికనే చేశాడు" అని రోజూ చెప్పేది. చెప్పడంలో లోటేం లేదు. ప్రార్థన అయ్యాక తెల్లకోళ్లకి గింజ నోటికి అందించేది. నల్లకోళ్లకి మాత్రం నేల మీద పడేసేది. ఎప్పట్నుంచో అంతే.

ఒక నల్లపెట్ట తన పిల్లకి మొదటి గింజ ఇప్పించాలని, ఈకలన్నీ దువ్వి మరీ తీసుకొచ్చింది. పిల్ల ముచ్చటగా నోరు తెరిచి నిలబడింది. బాతు గింజని మట్టిలో పడేసింది. పిల్ల వంగబోయింది.

"ముట్టకు!" అని తల్లి గింజ మీద కాలు పెట్టింది.

"ఎక్కడ పడితే ఏంటమ్మా, గింజ గింజే కదా" అంది బాతు.

"అయితే ఆ తెల్లపిల్లకీ కిందే వెయ్యండి, చూద్దాం."

"దీనికెంత పొగరు!" అన్నాయి తెల్లకోళ్లు.

"నా బిడ్డ మొహంలో దేవుడి పోలిక కనబడలేదా గురువుగారూ? ఆ పాపం మీ కళ్లదే" అని పెట్ట పిల్లని తీసుకుని వెళ్లిపోయింది.

దారిలో పిల్ల అడిగింది, "అమ్మా, నా నోరు కంపు కొడుతోందా?"

తల్లి పిల్లని రెక్క కిందికి తీసుకుంది.

మర్నాడు బాతు అణకువ గురించి చెప్పింది. తెల్లకోళ్లు కళ్లు మూసుకుని భక్తిగా విన్నాయి.