పదహారో నంబరు గది

మొగిలమ్మ మోకాళ్లకు ఏ నొప్పీ లేదు.

అయినా నెలకొక గురువారం మోకాళ్లు చూపించుకుంటానని వాడకట్టులో చెప్పి, బిడ్డ దీపను తోడు తీసుకుని, పాలకుర్తిలో వరంగల్ బస్సెక్కేది.

పెద్ద దవాఖానలో మోకాళ్ల డాక్టరు పదిహేనో నంబరు గదిలో ఉంటాడు. దాని పక్కది పదహారు. మనసు బాగాలేనివాళ్లను చూసే గది అది.

మొగిలమ్మ పదిహేను ముందు నిలబడేది. పదహారులో దీప పేరు పిలవగానే అటూ ఇటూ చూసి, పిల్లను పట్టుకుని గబుక్కున లోపలికి పోయేది.

దీపకు ఇరవై రెండేళ్లు. మనిషి లేనిచోట మాటలు వినబడతాయంటుంది. డాక్టరు రాసిన గోలీలు మింగితే తగ్గింది. తగ్గింది కదా అని మానేసింది.

అప్పటినుంచి మొగిలమ్మ గోలీని నలిపి, చారులో కలిపి పెడుతోంది.

ఒకరోజు గిన్నె అడుగున తెల్లపొడి దీప కంటబడింది. ఇక తల్లి చేతి అన్నం ముట్టలేదు. నాలుగు రోజులుగా బిస్కెట్లు, నల్లా నీళ్లు. అంతే.

ఆ గురువారం మొగిలమ్మ ఈ సంగతి నర్సు శోభారాణికి మెల్లగా చెప్పింది. పన్నెండింటికి పేషెంట్ల ఇంటివాళ్లందరికీ మీటింగు ఉంది, వాళ్లతో ఎట్లా మెలగాలో చెప్తాం, కూర్చుని పొమ్మంది శోభారాణి. బస్సు పోతుందంది మొగిలమ్మ.

పదహారు ముందు బెంచీ మీద దీప పక్కన కూర్చున్న పెద్దాయన ఇదంతా విన్నాడు.

వచ్చిన ప్రతిసారీ కనిపించే మనిషే. తెల్లగడ్డం, ఒళ్లో పాత అట్ట ఫైలు. పేరు ఖాజా పాషా, మట్టెవాడలో బట్టలు కుడతాడు. ఎవరూ అడక్కపోయినా తనే చెప్పుకుంటాడు.

“గోలీ దాచకు చెల్లె. బిడ్డ చేతిల పెట్టు. ఎందుకోసమో చెప్పు. మింగనంటె కొట్లాడకు, జర ఆగి మళ్ల అడుగు. దాచి పెడితె మందు గూడ విషం లెక్క కనవడ్తది.”

“నీ బీమారి నువ్వు సూస్కో. మా ముచ్చట నీకెందుకు?”

పాషా నవ్వాడు.

అప్పుడే వరండాలో సమ్మమ్మ ఎదురైంది. మొగిలమ్మది, ఆమెది ఎదురెదురు ఇళ్లు. అల్లుడి కాలు విరిగిందని చూడవచ్చింది.

“మోకాళ్ల గది అది గద మొగిలక్క. ఈ మెంటలోళ్ల బెంచి కాడ ఏం జేత్తానవ్? ఆ చేతిల ఫైలెవలిది?”

మొగిలమ్మ దీప ఫైలును కొంగు చాటుకు జరిపింది. ఇది సమ్మమ్మకు తెలిస్తే సాయంత్రం బస్సు కంటే ముందు ఊరు చేరుతుంది. రేపటినుంచి దీప ఏ గడప ముందు నుంచి నడిచినా వెనుక ఒక మాట నడుస్తుంది.

పాషా చెయ్యి చాపి, ఆమె చేతిలో ఫైలు నెమ్మదిగా తీసుకున్నాడు.

“ఇది గూడ నాదే బేటీ. మెంటల్ బీమారి నాకు. ఏ కాయితం ఏడ పెట్టిన్నో యాదికుంటలేదు. జర పట్టుకోమని ఈ చెల్లెకిచ్చిన.”

సమ్మమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. పిల్లను జాగ్రత్తగా చూసుకొమ్మని మొగిలమ్మకు సైగ చేసి వెళ్లిపోయింది.

మొగిలమ్మ ఫైలు వెనక్కి తీసుకుంది. దీప రెక్క పట్టుకుని ఆ బెంచీ నుంచి లేపింది.

“ఆయన పక్కన కూసోకు. పిచ్చోడట.”

దీప తల్లి మొహంలోకి చూసింది. నాలుగు రోజుల్లో అదే మొదటి మాట.

“మరి నా పక్కన నువ్వెట్ల కూసుంటానవమ్మా?”

పాలకుర్తి దాకా మొగిలమ్మ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

ఆ రాత్రి గోలీని నలపలేదు. తెచ్చి దీప అరచేతిలో పెట్టింది.

“ఇది నీకు ఆ మాటలు తక్కువ వినవడాలెనని. చారుల కలిపింది నేనే బిడ్డా. తప్పయింది.”

దీప గోలీని అటూ ఇటూ తిప్పింది. తల్లి దీప పళ్లెంలోనే మొదటి ముద్ద కలిపి తను తిన్నది. చాలాసేపటికి దీప గోలీ మింగింది. పళ్లెం దగ్గరికి లాక్కుంది.

“ఇంకింత చారు పొయ్యి.”

మరుసటి నెల మొగిలమ్మ డబ్బా నిండా మక్క గారెలు పట్టుకుపోయింది. పదిహేను ముందు నిలబడలేదు. నేరుగా వచ్చి పదహారు బెంచీ మీద కూర్చుంది.

పెద్దాయన లేడు.

పన్నెండయింది. శోభారాణి లోపల మీటింగుకు చాపలు పరుస్తోంది.

“ఆ పేషెంటు పాషా భాయి ఇయ్యాల రాలేదా మేడం?”

శోభారాణి చేతిలో చాప ఆగింది. పోయిన శుక్రవారం, జుమ్మా నాడు, నిద్రలోనే గుండె ఆగిపోయిందని చెప్పింది. పదకొండేళ్లుగా గురువారం గురువారం దుకాణం మూసి వచ్చేవాడని, కొత్తగా వచ్చినవాళ్లకు ధైర్యం చెప్పి మీటింగులో కూర్చోబెట్టేవాడని చెప్పింది.

“ఆయన పేషెంటు కాదమ్మా.”

“మరి ఆ ఫైలు?”

శోభారాణి బీరువా తెరిచి పాత అట్ట ఫైలు తెచ్చి ఇచ్చింది. అందులో ఉన్నది ఒకటే కాగితం. దవాఖాన చీటీ.

మొగిలమ్మకు చదువు రాదు. దీప చదివింది. పేరు రుహీ. వయసు పంతొమ్మిది. కింద డాక్టరు రాసే జాగా అంతా ఖాళీ.

“ఆయన బిడ్డ. ఈ చీటీ రాయిచ్చిన నెలకే పోయింది.”

“డాక్టర్ సూడలేదా?”

“ఇదే బెంచి మీద కూసోవెట్టిండట. గంతల తెలిసినోళ్లు ఎదురొచ్చి ఈడెందుకున్నరని అడిగితె, నాకే మోకాళ్ల నొప్పులని చెప్పి, పిల్లను తోల్కొని ఇంటికి మర్లిండట.”