నయమైనందుకు ప్రార్థన

మంగళవారం ఉదయం ఇబాడాన్ నగరంలో మోరెనికేకి రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టిందని, ఈసారి ఎముకకు పాకిందని డాక్టరు చెప్పాడు. మొదటిసారి ఆమెకు జబ్బు నయమైనందుకు ఈ ఆదివారమే చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన ఉంది. బంధువులంతా ఒకే రకం నీలం గుడ్డ కొని దర్జీలకు ఇచ్చారు.

"ఆదివారం దాకా నోరు మెదపకే. వైద్యం ఆ తర్వాత చూసుకుందాం," అంది ఆసుపత్రి మెట్లు దిగుతూ అక్క అబోసెడే.

"అలాగే అక్కా. దర్జీ ఇంకా బట్టలివ్వలేదు, కాస్త ఆగమని క్యాన్సర్‌కి నువ్వే చెప్పు."

"ఎగతాళి చాల్లే. ఒక్కరికైనా తగ్గిందని అందరూ పాడుతుంటే వినాలనుందే నాకు."

"ఒక్కరికైనా అంటే?"

అబోసెడే చెల్లెలి చెయ్యి తీసుకుని తన చంకలో పెట్టుకుంది. వేళ్ళకు గట్టి గడ్డ తగిలింది.

బుధవారం ఉదయం ఇద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్తున్నారు. ఆదివారం ప్రార్థనలో మాత్రం మార్పేమీ లేదు.