గడియకు అవతల

టీచర్ లోపల. పిల్లలు బయట. గేటు బార్లా తెరిచి ఉంది.

గేటు దాటితే సాగర్ రోడ్డు. ఇబ్రహీంపట్నం దగ్గర ఆ రోడ్డు మీద కంకర టిప్పర్లు ఎవరి కోసమూ ఆగవు.

అరుణజ్యోతి స్టోర్ రూమ్ తలుపును భుజంతో గుద్దింది. కదల్లేదు. పిల్లలకిచ్చే బాలామృతం పిండి ప్యాకెట్ల కోసం అందులోకి వచ్చి నిమిషం కాలేదు, బయటి నుంచి ఎవరో గడియ వేశారు. ఫోనేమో బయట టేబుల్ మీద ఛార్జింగులో ఉంది.

అంగన్‌వాడీ ఆయమ్మ వజ్రమ్మ పాల కోసం పోయింది. పోతూ పోతూ చెప్పనే చెప్పింది.

"టీచరమ్మా, గేటు ఏసుకో. పోరగాండ్లు ఆగరు."

"ఆఁ, ఏస్త తియ్" అంది అరుణజ్యోతి, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

ఫోన్‌లో పొద్దున్నుంచీ ఒకటే పని. పిల్లలకు మాటలు నేర్పే ఆటల మీద మీర్‌పేట్‌లో మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. సంచిలోంచి వస్తువు తీసి పేరు చెప్పించడం, చేతిబొమ్మతో కబుర్లాడించడం, జంతువుల్లా అరిపించడం. ఆటకో ఫోటో పై ఆఫీసుకు పంపాలి. బొమ్మ చేతికివ్వాలి, క్లిక్ మనిపించాలి, లాక్కుని తర్వాతి పిల్లకివ్వాలి. ఫోటోల్లో మండలం మొత్తానికి అరుణజ్యోతే ఫస్టు.

"వినీత్! ఒరేయ్ వినీత్! గడియ తియ్‌రా!"

వాడి పనే, అనుమానం లేదు. పోయిన వారం వజ్రమ్మను బాత్రూమ్‌లో పెట్టి గడియ వేసిన ఘనుడు. కానీ వాడి గొంతు గేటు వైపు నుంచి వినిపిస్తోంది.

"అరె, లారీ సూడుండ్రి! ఇంగోటి వస్తున్నది!"

గడియ పెట్టి పారిపోయాడన్నమాట.

అరుణజ్యోతి నేల మీద పడుకుని తలుపు కింది సందులోంచి చూసింది. రెండు చిన్న నీలం చెప్పులు.

శివాని!

ఆమె ప్రాణం ఉసూరుమంది. పద్నాలుగు మందిలో ఈ పిల్లే దొరకాలా? నాలుగేళ్లు నిండాయి. సెంటర్‌కు రావడం మొదలుపెట్టి ఆరు నెలలు. ఒక్క మాట లేదు. "ఇంట్ల మస్తు మాట్లాడతది టీచర్, మా చెవులు తింటది" అంటుంది తల్లి తిరుమల. ఏ తల్లి ఒప్పుకుంటుంది? రిజిస్టర్‌లో 'మాటలు రాలేదు' అని రాసేసింది అరుణజ్యోతి. దవాఖానకు చీటీ కూడా సిద్ధం చేసింది.

అరిస్తే పిల్ల బెదిరిపోతుంది. ఎలా? శిక్షణలో చెప్పిన ముక్క గుర్తొచ్చింది. ఆటగా చెబితే ఏ పిల్లయినా వింటుంది.

"శివానీ, మనిద్దరం ఆట ఆడుదామా? ఆడుదామంటే తలుపు మీద ఒక్కటి కొట్టు."

టక్.

"నా బంగారం! ఏనుగు ఎట్ల నడుస్తది? గట్లనే గేటు కాడికి పో. తొండంతోటి గేటును నూకు. మొత్తం మూసి, మల్ల ఉరికిరా. వచ్చి రెండు సార్లు కొట్టు."

నీలం చెప్పులు మాయమయ్యాయి. దబ్... దబ్... దబ్.

అరుణజ్యోతి చెవిని తలుపు సందుకు ఆనించింది. టిప్పర్ హారన్ చెవులు చిల్లులు పడేలా మోగింది. వెంటనే వినీత్ గోల.

"ఓ శివానీ, గేటెందుకు ఏస్తున్నవే? లారీలు కనవడ్తలేవు!"

ఖణేల్!

కాసేపటికి, టక్ టక్.

"శభాష్ ఏనుగమ్మా! పిల్లలందరు గేటు లోపల్నే ఉన్నరా? అవ్ అంటే ఒకటి, కాదంటే రెండు."

టక్.

అరుణజ్యోతికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"ఇగ ఆఖరి ఆట. కింది గడియ ఉన్నది సూడు, అది మన రైలు. కూ... అని పక్కకు గుంజు."

చప్పుడు లేదు. నీలం చెప్పులు అక్కడే ఉన్నాయి.

"వస్తలేదా? బిగుసుకున్నదా?"

చప్పుడు లేదు.

"ఆ వినీత్‌గాడు గంత గట్టిగ ఏసిండా? వాడేనా ఏసింది?"

టక్ టక్.

"కాదా? మరెవలు బిడ్డా?"

జవాబు వస్తుందని అడగలేదు. నోటికొచ్చి అడిగింది, అంతే.

తలుపు సందు దగ్గరికి చిన్న నోరొకటి వచ్చింది. తడబాటు లేకుండా, గంట కొట్టినట్టు పలికింది.

"నేనే ఏసిన టీచర్, తీస్తే మల్ల నువ్వు నాతోని మాట్లాడవు."