అంగుళం ముక్క

"అంగుళం! వాళ్ళ జెండా కన్నా మనది ఒక్క అంగుళమైనా పైన ఉండాలి. లేకపోతే నేనా కుర్చీలో కూర్చోను," అని అధికారి బల్ల గుద్దాడు.

వడ్రంగి మేస్త్రి తల గోక్కున్నాడు. "నిన్నా అదే అన్నారు సార్. అంగుళం లేపాను. వాళ్ళూ లేపారు. మొన్నా అంతే. ఇప్పుడు రెండూ సమానం. ఇంకా లేపితే జెండాలు ఫ్యానుకి చుట్టుకుంటాయి."

"అయితే ఫ్యాను ఊడబీకు!"

ఈ భాగోతమంతా జరుగుతున్నది వంతెన నడిమధ్యన. నదికి ఇటు ఒక దేశం, అటు ఒక దేశం. ఎవరు ముందు ఎవరిని ఏమన్నారో ఇప్పుడెవరికీ సరిగ్గా గుర్తులేదు గాని, రెండేళ్ళుగా వంతెనకి రెండు వైపులా గేట్లు మూసేశారు. మళ్ళీ తెరిచే సంగతి మాట్లాడుకుందామని రేకుల షెడ్డు వేసి, అందులో పొడవాటి బల్ల వేసి, దాని రెండు చివర్లా రెండు జెండాలు నిలబెట్టారు. మూడు రోజులైంది. అసలు మాట ఒక్కటీ మొదలవలేదు, జెండాల ఎత్తుతోనే సరిపోయింది. రెండు బృందాలూ విడిదిలో అలిగిన మగపెళ్ళివారిలా బిగుసుకుపోయాయి.

"పన్నెండింటి దాకా చూస్తాం. కాదంటే సామాను సర్దుకుని వెళ్ళిపోవడమే," అన్నాడు అధికారి. "ఈసారి తేడా వచ్చిందో, నిన్ను లోపల వేయిస్తా."

వెళ్ళిపోవడమే అనగానే మేస్త్రికి కూతురు గుర్తొచ్చింది. కూతుర్నిచ్చింది అవతలి ఒడ్డున. మనవరాలు పుట్టి పదకొండు నెలలు. ఇంతవరకు ఒళ్ళోకి తీసుకున్నది లేదు. ప్రతి ఆదివారం కూతురు అవతలి గట్టున నిలబడి పాపని పైకెత్తి చూపిస్తుంది. ఇటునుంచి చూస్తే గులాబీరంగు గౌను చుక్కలా కనబడుతుంది, అంతే. ఆ చుక్కకి చెయ్యి ఊపి ఇంటికొచ్చి, ఆ పూటకి అన్నం సయించక పడుకుంటాడు మేస్త్రి.

షెడ్డులోకి వెళ్ళేసరికి అవతలి మేస్త్రి అప్పటికే పనిలో ఉన్నాడు. బట్టతల, చెవి మీద పెన్సిలు. ఇద్దరికీ చెరో కాపలావాడు. ఒకరితో ఒకరు మాట్లాడకూడదని ఆర్డరు. పని చిన్నదే. జెండా కర్ర నిలబెట్టే దిమ్మకి లోతుగా గుంత ఉంటుంది. కర్ర పైకి లాగి, గుంత అడుగున అంగుళం మందం ముక్క వేసి, మళ్ళీ కర్ర దింపి చుట్టూ చెక్క చీలలు బిగించాలి. మేస్త్రి చేతిలో తెల్ల చెక్క ముక్క. బట్టతల చేతిలో ఎర్ర చెక్క ముక్క. రంగులో తేడాయే గాని కొలతకి రెండూ ఒకటే.

పాత చీలలు ఊడదీస్తుంటే మేస్త్రి ఉలి మొన విరిగింది. బట్టతల చూశాడు. తన ఉలి తీసి బల్ల మీదుగా జరిపాడు. కాపలావాడు గట్టిగా దగ్గాడు.

"ఉలికి నోరు లేదు గదా బాబూ," అన్నాడు మేస్త్రి.

ఆ ఉలి చేతిలోకి వచ్చాక ఆలోచన కూడా వచ్చింది. నేను వేస్తే ఆయనా వేస్తాడు. రేపు మళ్ళీ ఇదే తంతు. అసలు రేపన్నది ఉంటే గదా! ఆయన ఒక్కడే వేస్తే? వాళ్ళు సంతోషంగా కూర్చుంటారు. మరి మనవాళ్ళో? మేస్త్రి తమ జెండా పక్కనే ఉన్న అధికారి కుర్చీ దగ్గర వంగి, ఒక కన్ను మూసి రెండు జెండాలనీ చూశాడు. ముప్పై ఏళ్ళుగా తలుపులూ స్తంభాలూ నిలబెట్టిన కన్ను అది. దగ్గరున్నది ఎప్పుడూ పొడుగ్గానే కనబడుతుంది.

కాపలావాడు ముక్కు చీదుకునేంతలో తెల్ల ముక్క మేస్త్రి జేబులోకి పోయింది. కర్ర ఉన్న ఎత్తునే దింపేసి, చీలల మీద సుత్తితో దరువు వేశాడు. అవతల బట్టతల కూడా దడదడలాడిస్తున్నాడు. బయట వినేవాళ్ళకి లోపల బ్రహ్మాండంగా పని జరుగుతోంది.

అధికారులు వచ్చారు. "లేపావా?"

"లేపాను సార్," అన్నాడు మేస్త్రి.

అధికారి కుర్చీలో కూర్చుని తలెత్తి చూశాడు. కళ్ళు చికిలించాడు. "అంగుళమేమిటయ్యా, అంగుళమున్నర ఉంది!" అని మీసం దువ్వుకున్నాడు. ఆ చివర అవతలి అధికారి కూడా పైకి చూసి, కాలు మీద కాలేసుకుని చిరునవ్వు నవ్వాడు. బల్లకి సరిగ్గా నడిమధ్యన గోడకి ఆనుకున్న మేస్త్రికి మాత్రం రెండు జెండాలూ సమానంగానే కనబడ్డాయి. భయానికి కళ్ళు బైర్లు కమ్మాయనుకున్నాడు.

గెలిచాననుకున్నవాడికి చెయ్యి ధారాళమవుతుంది. ఆ గదిలో ఇద్దరూ గెలిచినవాళ్ళే. ముప్పావు గంటలో సంతకాలైపోయాయి. గేట్లు తెరిచారు.

రెండు ఒడ్లూ వంతెన మీదికి పొర్లి వచ్చాయి. కేకలు, ఏడుపులు, కౌగిలింతలు. అధికారి మేస్త్రి భుజం తట్టాడు. "నీ అంగుళమే దేశం పరువు నిలబెట్టింది మేస్త్రీ!"

"అంతా తమ చలవ సార్," అన్నాడు మేస్త్రి, జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని.

"నాన్నా!"

కూతురు! ఆమె ముందు, జనంలోంచి దారి చేసుకుంటూ, పాపని తలకన్నా ఎత్తులో పట్టుకుని బట్టతల మేస్త్రి వస్తున్నాడు. వచ్చి పాపని తాత చేతుల్లో పెట్టాడు. మేస్త్రి బావురుమన్నాడు. ఏడుస్తూనే నవ్వాడు. పదకొండు నెలల చుక్క ఇప్పుడు చేతుల్లో బరువుగా, వెచ్చగా ఉంది.

"ఈయన లేకపోతే ఈ తోపులాటలో దాటేదాన్నే కాదు నాన్నా," అంది కూతురు. "పాప గుక్కపెట్టి ఏడుస్తుంటే జేబులోంచి ఏదో తీసి చేతిలో పెట్టాడు, టక్కున నోరు మూసింది. చూడు, అప్పట్నుంచీ కొరుకుతూనే ఉంది."

మేస్త్రి చూశాడు. పాప రెండు చేతుల్లో, చొంగతో తడిసి మెరుస్తూ, అవతలి జెండా కింద ఉండాల్సిన అంగుళం మందం ఎర్ర చెక్క ముక్క.