అక్కడ మెట్లున్నాయా?

"తలుపు తీసే ఉంది, తోసుకు రండి!"

లోపలినుంచి ఆడగొంతు తెలుగులో వినిపించింది.

నాలుగో అంతస్తు దాకా మెట్లెక్కి వచ్చిన రత్నరాజు గుమ్మంలో నిలబడి రొప్పాడు. అమెరికాలో, జెర్సీ సిటీలోని ఆ పాత బిల్డింగ్‌లో లిఫ్ట్ పాడై నెలలు గడుస్తున్నాయి. అది 1984 జనవరి.

కిటికీ పక్కన చెక్క కుర్చీలో, ఒళ్లో శాలువాతో ఒకావిడ కూర్చుని ఉంది. ఆ కిటికీలోంచి ఎదురు బిల్డింగ్ ఇటుక గోడ తప్ప ఇంకేమీ కనిపించదు. ఆమె పక్కనే ఒక చక్రాల కుర్చీ.

"నిన్న ఫోన్ చేసింది నేనే నాయనా. వసుమతి. తెలుగు ప్రార్థన కూటంలో నువ్వు చక్రాల కుర్చీ అడిగావని ఎవరో చెప్పారు."

ఆవిడ లేవలేదు.

రత్నరాజుకి మనసు చివుక్కుమంది. మనిషి గడపలోకి వస్తే లేచి ఎదురు రావద్దూ?

అయినా అతనికి కుర్చీ కావాలి. ఇక్కడి ఆసుపత్రులు పారేసే మంచాలూ కుర్చీలూ బాగుచేసి, ఇండియాలో కొనగలిగిన ఆసుపత్రులకు చౌకగా అమ్మి, ఆ లాభంతో కొనలేనివాళ్లకు ఉచితంగా పంపడం అతను మొదలుపెట్టిన పని. గుడివాడ దగ్గర మణి అనే పిల్లకు పోలియో. టీచర్ ట్రైనింగ్‌లో సీటొచ్చింది, కుర్చీ లేనిదే వెళ్లలేదు. కుర్చీ పంపుతానని మాటిచ్చాడు. తీరా చూస్తే ఇస్తానన్న ఇక్కడి ఆసుపత్రి చేతులెత్తేసింది. కంటైనర్ ఈ మధ్యాహ్నమే మూసేస్తారు. ఈ ఓడ తప్పితే ఆ పిల్ల సీటూ పోయినట్టే.

"ఈ కుర్చీ మీవారిదాండీ?"

"ఆయన పోయి రెండేళ్లయింది నాయనా."

"సారీ అండీ."

"కాఫీ వంటింట్లో ఫ్లాస్కులో ఉంది. పోసుకో."

ఇంటికొచ్చినవాడు తన కాఫీ తనే పోసుకోవాలా!

"టైమ్ లేదండీ," అన్నాడు పొడిగా.

"ఎవరికి ఈ కుర్చీ?"

మణి సంగతి చెప్పాడు.

"ఆ పిల్ల ఉండేచోట మెట్లున్నాయా?"

"లేవండీ. ఇల్లూ బడీ అన్నీ నేలమీదే. గుమ్మం దాటితే రోడ్డు."

ఆవిడ కుర్చీ చేతిని ఒకసారి నిమిరింది.

"అయితే పట్టుకెళ్లు. దీన్ని ఈ నాలుగో అంతస్తులో కట్టిపడేస్తే పాపం."

రత్నరాజు కుర్చీని మడిచి భుజానికెత్తుకున్నాడు. సాగనంపడానికైనా ఆవిడ లేవలేదు.

కింద ట్రక్కులో స్నేహితుడు దేవకుమార్ కాచుకుని ఉన్నాడు.

"కాఫీ ఇచ్చిందా?"

"పోసుకోమంది."

"అబ్బో! ఆవిడకి అమెరికా నీళ్లు బాగానే వంటబట్టాయి!"

ఇద్దరూ నవ్వుకున్నారు.

రేవులో కుర్చీని కంటైనర్‌లో తాళ్లతో కడుతుంటే, దాని వెనక సంచిలో కళ్లజోడు దొరికింది.

"పోయినాయనదేమోరా," అన్నాడు దేవకుమార్. "గుర్తుగా దాచుకుని ఉంటుంది. పోతూ పోతూ ఇచ్చేసిపో."

రత్నరాజు విసుక్కుంటూ మళ్లీ ఆ మెట్లన్నీ ఎక్కేసరికి చీకటి పడింది.

"తలుపు తీసే ఉంది!"

గదిలో ఏమీ కనిపించలేదు.

"లైట్ వేసుకోలేదేంటండీ?"

"స్విచ్ నీ చేతి పక్కనే ఉంది. వెయ్యి నాయనా."

వేశాడు. ఆవిడ అదే కుర్చీలో, అదే శాలువాతో కూర్చుని ఉంది.

"కుర్చీ ఓడెక్కిందా?"

"కంటైనర్ సీలు వేసేశారండీ. ఇక ఇండియాలోనే తెరిచేది."

"హమ్మయ్య!"

కళ్లజోడు ఇచ్చాడు. ఆవిడ దాన్ని పైటచెంగుతో తుడిచి, తనే పెట్టుకుంది.

"పొద్దుటినుంచి ఇదెక్కడ పెట్టానా అని ఒకటే ఆలోచన. సాయంత్రం వచ్చే పక్కింటమ్మాయి ఇవాళ ఇంకా రాలేదు. కాసిని మంచినీళ్లు తెచ్చిపెడతావా?"

రత్నరాజు వంటింట్లోకి వెళ్లాడు.

గ్లాసుతో తిరిగి వస్తుంటే అప్పుడు కనిపించాయి, కార్పెట్ మీద అరిగిపోయిన రెండు చక్రాల చాళ్లు: వంటింటి నుంచి స్విచ్ దాకా, స్విచ్ నుంచి కిటికీ దాకా సాగి, ఆవిడ పాదాల దగ్గర ఆగిపోయాయి.