గులాబీ కాదు, ఊదా

"పన్నెండో గది రక్తం స్లైడు చేసిన మహాతల్లి ఎవరు?"

ల్యాబు తలుపు ధడాల్మని గోడకు కొట్టుకుంది. సింకు పక్కన నిలబడి శాండ్‌విచ్ తింటున్న డార్లీన్ ఉలిక్కిపడింది. మిగతావాళ్లంతా భోజనానికి వెళ్లారు.

ఐలి కొర్పెలాకి ఒళ్లు మండిపోతోంది. కొక్కేనికున్న తెల్లకోటు లాక్కుని తొడుక్కుంది.

"ఇక్కడా తిండి? సూక్ష్మజీవులు నంజుకుంటున్నావా?"

"మీరు... తనిఖీకి వచ్చారాండీ?" డార్లీన్ ఈ ఆస్పత్రిలో చేరి రెండు నెలలే అయింది.

"అవును, తనిఖీకే. ఆ సింకులో ఊదా మరక చూశావా? యాభై ఎనిమిదిలో నా చేతిమీదుగా పడింది. థండర్ బే ఊరంతా కలిసి రుద్దినా పోలేదు. స్లైడు నువ్వేనా చేసింది?"

"నేనే. కడ్డీల్లాంటి సూక్ష్మజీవులు, గులాబీ రంగువి. పొద్దున్నే రిపోర్టు పంపాను."

"గులాబీట, గులాబీ! ఆ రిపోర్టు పట్టుకుని డాక్టరు గులాబీవాటిని చంపే పాత మందే పోస్తున్నాడు. మూడు రోజులుగా జ్వరం వీసమెత్తు తగ్గలేదు. ఇంకో రెండు రోజులు ఇలాగే పోస్తే మనిషి దక్కదు. తెలుస్తోందా?"

డార్లీన్ మొహం పాలిపోయింది. "ప్లేటు మీద రేపటికి ఆ సూక్ష్మజీవి మొలుస్తుంది కదండీ, అప్పుడు పేరు తెలుస్తుంది..."

"రేపటిదాకా ఆగమని నువ్వే చెప్పు దానికి. ఆ రక్తం సీసా తే."

ఐలి గాజుపలక తీసుకుంది. దాని మీద మూడు చుక్కలు పెట్టింది. ఒక చివర ఊదాగానే తేలాల్సిన సూక్ష్మజీవి, ఇంకో చివర గులాబీగానే తేలాల్సినది, మధ్యలో పన్నెండో గది రక్తం.

"పొద్దున ఇలా మూడూ పెట్టావా?"

"లేదండీ. పని ఎక్కువగా ఉండి..."

"పని ఎక్కువైతే ప్రాణం చవకవుతుందా?"

పలకను మంట మీద ఆడించింది. ఊదారంగు పోసింది. నిమిషం. అయోడిన్ పోసింది. ఇంకో నిమిషం. బల్ల అంచు గట్టిగా పట్టుకుని నిలబడింది.

"కూర్చోండి మేడమ్. ఇంత కోపం మీ ఒంటికి మంచిది కాదు."

"నా ఒంటి సంగతి నీకెందుకు? ఇటు చూడు. ఇక్కడే కొంపలు మునిగేది." ఆల్కహాల్ సీసా ఎత్తింది. "ఒకటి. రెండు. మూడు. కడిగెయ్. అంతే. గట్టి తోలున్నది ఊదారంగు వదలదు. కానీ నువ్వు పోస్తూనే ఉంటే అదీ వదిలేసి గులాబీ అయి కూచుంటుంది. పొద్దున ఎంతసేపు పోశావు?"

డార్లీన్ తల దించుకుంది. "మధ్యలో ఫోను మోగిందండీ."

ఐలి నోరు తెరిస్తే బూతులే వచ్చేట్టున్నాయి. పలక మీద ఎర్రరంగు పోసి, కడిగి, ఆరబెట్టి, మైక్రోస్కోపులో చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత డార్లీన్ మెడ పట్టుకున్నంత పనిచేసి కళ్లు అక్కడ పెట్టించింది.

"మధ్య చుక్క ఏ రంగు?"

"...ఊదా."

ఐలి ఫోను లాక్కుంది.

"డాక్టర్ మెకిలప్‌గారా? ల్యాబు నుంచి మాట్లాడుతున్నా. పన్నెండో గది స్లైడు తప్పు. గులాబీ కాదు, ఊదా. చూస్తే లిస్టీరియాలా ఉంది. మీ మందుకి అది చావదు."

అవతల నిట్టూర్పు వినిపించింది. "ఆ గదిలో ముసలావిడ మిమ్మల్నీ పట్టుకుందా? మూడు రోజులుగా మందు పనిచెయ్యడం లేదని నా బుర్ర తినేస్తోంది. పొద్దున రిపోర్టు చూపిస్తే, స్లైడు చెడగొట్టారందండీ! నోరు మూసుకుని బుద్ధిగా పడుకోమన్నాను."

ఐలి పళ్లు పటపటా కొరికింది. "ఆవిడ ఏం తిన్నదో అడిగారా?"

"ఏం తింటే ఏముందండీ?"

"పచ్చిపాల చీజు. లిస్టీరియా చేరేది అందులోనే. పోయిన నెల చుట్టాలింట్లో చేసింది. ముప్పాతిక వంతు ఆవిడే లాగించింది."

"మీకెలా తెలుసు?"

"నోటితో అడిగితే తెలుస్తుంది. ఆంపిసిలిన్ మొదలుపెట్టండి. ఇప్పుడే అంటే ఇప్పుడే. కాఫీ తాగొచ్చాక కాదు."

కాసేపు కాయితాల చప్పుడు. తర్వాత గొంతు తగ్గింది. "సరే. పై వార్డుకి ఫోను చేసి ఇప్పుడే మార్పిస్తాను. కానీ ఆవిడకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"చెప్పకండి. క్షమాపణ అడగండి." ఐలి ఫోను టక్కున పెట్టేసింది.

డార్లీన్ ముక్కు ఎగబీలుస్తోంది. "నా ఉద్యోగం పోతుందాండీ?"

"ల్యాబు పుస్తకంలో తప్పు నీ పేరుతో రాయి. దిద్దినదీ నీ పేరుతోనే రాయి. ఇంకోసారి చేతిలో ఆల్కహాల్ ఉండగా ఫోను మోగితే, మోగి చావనీ. ఆ శాండ్‌విచ్ బయట పారెయ్."

కోటు విప్పి డార్లీన్ చేతిలో పడేసి, చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్లిపోయింది.

నర్సు కొత్త మందు పట్టుకుని వచ్చేసరికి ఐలి లిఫ్టులో మూడో అంతస్తు చేరి, పన్నెండో గదిలో తన మంచమెక్కి, ఊదారంగు అంటిన వేళ్లు దుప్పటి కింద దాచుకుని, నోరు మూసుకుని బుద్ధిగా పడుకుని ఉంది.