చూసే మనిషి

అప్పటికి ఇంటింటా వెబ్ సిరీస్ తీసేవాళ్లే; చూసేవాళ్లకే కరువు. కాకినాడలోని ఆ అపార్ట్‌మెంటులో ఏమీ తీయనిది వాచ్‌మన్ తల్లి చిట్టెమ్మ ఒక్కతే. అందుకే పొద్దున్నే ఆమె గది ముందు డైరెక్టర్లు ఫోన్లు పట్టుకుని వరస కట్టేవారు.

వాళ్లలో నీలవేణి వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. పులిహోర గిన్నె అందించి, "చివరిదాకా చూడు మామ్మా, మధ్యలో ఆపితే వ్యూ పడదు" అంది.

"కళ్లు పీకేత్తన్నాయే తల్లీ. ఆ ఫోనక్కడెట్టి నోటితో చెప్పు."

నోటితో చెబితే వ్యూ లెక్కలోకి రాదని తెలిసినా, లేచి వెళ్లే ఓపిక లేక నీలవేణి గుమ్మంలోనే కూలబడింది. "ఒక పడవలో ఒక అమ్మాయి ఉండేది..."

"ఊఁ" అంది చిట్టెమ్మ.

నీలవేణి ఆగిపోయింది. మూడేళ్లుగా తీస్తున్న ఆ కథకు ఇంతవరకూ ఎవరూ ఊ కొట్టలేదు.

"వ్యూ పడని పనికి ఇంతసేపా?" వెనక ఎవరో విసుక్కున్నారు.

నీలవేణి ఫోన్ బోర్లించి, కథ అందుకుంది.